తాళంచెవి ఎవరి దగ్గర?

చిక్కపేటలో నాకు చీరల అంగడి ఉన్న రోజుల్లో, పక్క అంగడాయన ఏ చీరనూ ముందు వైపు చూసేవాడు కాదు. తిరగేసి, జరీ అంచు వెనక దారాలు తడిమి, అప్పుడు ధర అడిగేవాడు.

ఒకసారి ఆయనకు నేను చదివిన నవల కథ చెప్పాను. గొర్రెలన్నీ ఏకమై కాపరిని తరిమేసి, దొడ్డి తలుపు తాళం తీయడంతో అది ముగుస్తుంది. ఆయన పుస్తకం అందుకుని చివరి పేజీని కూడా తిరగేశాడు.

“తాళంచెవి యాడుండాదప్పా?” అన్నాడు.

“కథ అయిపోయిందన్నా.”

“యాడయింది? కాపరి పోయినాడు, దొడ్డి అట్లే ఉండాది. తెల్లారితే ఏదో ఒక గొర్రె ఆ తాళంచెవి మెళ్ళో కట్టుకుంటాది, చూస్తా ఉండు.”

తర్వాత కొన్నాళ్ళకు, ఏళ్ళ తరబడి కుర్చీ వదలని మా వర్తక సంఘం అధ్యక్షుణ్ణి అందరం కలిసి దించేశాం. ఇంత అనుమానం మనిషైతే మోసం జరగనివ్వడని పక్క అంగడాయన్నే అధ్యక్షుణ్ణి చేశాం. వద్దంటూనే సంఘం గది తాళంచెవి తీసుకుని మొలతాడుకు కట్టుకున్నాడు.

ఒకరోజు, నలుగురం కూర్చుని మాట్లాడుకోవాలి, గది తెరవమని అడిగాను. ఆయన చెయ్యి నడుము మీదికి పోయింది. నా ముఖం చూడలేదు. నా వెనక వైపు చూసి, “ఎవురెవురు వస్తారప్పా?” అన్నాడు.