మా బావగారి మౌత్‌పీసు

పంతొమ్మిదివందల అరవైల చివర్లో రేపల్లె చర్చి బ్యాండులో మా బావగారు యుఫోనియం అనే పెద్ద ఇత్తడి బాకా వాయించేవారు. పక్షవాతం వచ్చి ఆయన మూతి వంకరపోయింది. ఊదితే గాలి పక్కనుంచి జారిపోయేది. బాకాకి తగిలించుకుని ఊదే మౌత్‌పీసు తన పెదవులకి అమరేది దొరుకుతుందేమోనని తెనాలి, బాపట్ల బ్యాండువాళ్లందరినీ అడిగారు. తెచ్చిన ప్రతిదాన్నీ అరచేతిలో వెచ్చచేసి, పెదవికి ఆనించి, "ఇది కాస్త వెడల్పమ్మా" అని నాతో అనేవారు.

మంచం పట్టిన మా అక్క ఒకరోజు, "నన్ను సాగనంపేటప్పుడు మీరే వాయించాలండి" అంది.

"ఇంకోటి చూస్తున్నానే" అన్నారాయన, మొహం అటు తిప్పుకుని.

ఏదీ అమరకముందే అక్క పోయింది. బ్యాండు వచ్చింది. ఆయన వాద్యం ఎత్తుకుని తన వరసలో నిలబడ్డారు. బుగ్గలు పూరిస్తూ, మీటలు నొక్కుతూ సమాధుల దొడ్డిదాకా నడిచారు. ఒక్క స్వరమూ పలకలేదు. పక్కకి తప్పుకోమని ఎవరూ అనలేదు.