కాగితం వెంట తిరిగిన మా సారు

నా బిడ్డ మేనేజర్ అయింది! బషీర్‌బాగ్‌ల పెద్ద కంపెనీల, పని ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు ఎట్ల పోవాలెనో గీసి చూపెట్టే కొలువు. ముందుగాల మా పెద్ద గుమాస్తా సారుకు చెప్దామని మిఠాయి పట్టుకొని నిన్న నాంపల్లికి ఉరికిన. వాకిట్ల ఒకటే చెప్పులు. సారు తెల్లారంగనే పోయిన్రట.

తొంభైలల్ల అబిడ్స్‌ల బాయి మోటార్లు అమ్మే కంపెనీల నేను అటెండర్‌ను. మోటారు చెడిపోయిందని రైతు ఇచ్చిన ఫిర్యాదు కాగితం మూడంతస్తులు మోసుడు నా పని. ఒక ఏడు పని తీరు మార్చాలెనని యజమాని బయట నుంచి సూటువాళ్లను పిలిపించిండు. గోడ నిండ ఒక్కొక్కరి పనికి ఒక గడి, నడుమ బాణాలు గీసిన్రు. ఎవరి గడి కొట్టేస్తే వాళ్లు ఇంటికే అనుకున్నం. వాళ్ల కోసం నోటుబుక్కు పట్టుకొని నా వెనుక తిరిగింది ఎవరనుకున్నరు, మా సారే! రోజు నాతోని రొట్టె పంచుకొని తిన్న మనిషి నా గడి కొట్టేయనీకె రాసిస్తున్నడా అని అనుమానం. నౌకరి పోతే బిడ్డ బడి ఆగుతది.

అందుకే ఒక్క తాపకు పోయే కాగితాలు నాలుగు తాపలు మోసిన, పని ఎక్కువ కనబడాలని. మూడో రోజు సారు నన్ను మెట్ల మీద కూసోబెట్టి చాయ్ ఇచ్చిన్రు.

"నన్ను చూసి ఎక్కువ నడుస్తున్నవ్ కదరా? ఉత్త తిరుగుడు దండుగ అని రాస్తరు వాళ్లు. నీ గడి నువ్వే కొట్టేసుకుంటున్నవ్."

గిది గూడ ఎత్తేనేమో అనుకున్న.

"ఎవరు తిరిగిన్రో కాదు, కాగితం ఎక్కడ ఆగిందో చూడాలె" అనేటోళ్లు సారు. గట్లనే ఒక్క ఫిర్యాదు వెంట పడ్డరు. అది పదకొండు రోజులు బల్లల మీద పండుకొని, బిల్లు జత చెయ్యలేదని తిరిగొచ్చింది. ఆలోపు ఆ రైతు మడి ఎండింది. బిల్లు లేదని నేను మొదటి రోజే అన్న, ఎవరు వినలే. సారు విన్నరు. సూటువాళ్ల ముందట, "ఈయన గడి కొట్టెయ్యొద్దు, తలుపుకాడికి జరుపున్రి" అన్నరు. తెల్లారి నుంచి వచ్చిన కాగితం అక్కడనే సరిచూసుడు నా పని అయింది.

అయినా నా అనుమానం తీరలే. తాను రిటైర్ అయిన నాడు సారు ఆ నోటుబుక్కు నా చేతుల పెట్టిన్రు. నా దొంగ తిరుగుళ్లు లెక్కేసిన పేజీ మీద నిలువునా గీత కొట్టి ఉన్నది. ఆ పేజీ సూటువాళ్లకు చూపెట్టనే లేదు. నా బిడ్డ బాణాలు గీసుడు నేర్చింది ఆ నోటుబుక్కు చూసే.

ఇగ బిడ్డ కొలువు ముచ్చట చెప్పాల్సినోళ్లు: మెదక్‌ల అక్క, గౌలిగూడ బావమరిది, సికింద్రాబాద్ చిన్నమ్మ, బిడ్డ మిగతా మేనమామలు ఇద్దరు, ఆఖరుకు సారు ఇంట్ల అమ్మగారు. అన్ని ఇండ్లల్ల చెప్పి లేస్త. అమ్మగారి కాడ మాత్రం జరసేపు ఆగాలె.