సారయ్య ఒప్పుకున్న తప్పు

కోరుట్లలో సారయ్య నోటికి జడవని బండి ఓనరు లేడు. షార్జా గ్యారేజీలో పన్నెండేళ్లు పనిచేసి వచ్చిన మెకానిక్. కన్నబిడ్డ మొహం మొదటిసారి చూసింది ఆ పిల్లకు మూడేళ్లు నిండాకే. ఆ కడుపుమంటో ఏమో, బండి చెడితే ఓనరు మొహం మీదే తిట్టేవాడు. తన తప్పని ఒప్పుకోగా మాత్రం, పక్కనే చాయ్ హోటల్ నడిపే నేను ఒకే ఒక్కసారి విన్నాను.

సిరిసిల్లలో సాంచాలు ఆగిపోయిన ఏడాది, వాటిమీద బట్ట నేసే మనోహర్ పొట్ట చేత పట్టుకుని ఇటు వచ్చి, దేవేందర్ పాత అంబాసిడర్‌కు డ్రైవరయ్యాడు. ఓ పొద్దున మెట్‌పల్లిలో బ్రేకు పట్టక పసుపు బస్తాల ట్రాలీకి జానెడు దూరంలో ఆగాడు. "నీ తప్పని తేలితే తాళం ఇచ్చి పో" అన్నాడు దేవేందర్. ఈ పని పోతే మనోహర్‌కు దుబాయే గతి. భార్య ఊర్మిలకు అప్పుడు ఏడో నెల.

సారయ్య పెడల్ తొక్కాడు. మొదట అడుగుకు పోయింది, వెంటనే మళ్లీ తొక్కితే పైనే ఆగింది. "బ్రేకు షూలు డ్రమ్ముకు దూరమైనయ్" అంటూ చక్రాలెత్తి, తిరగకుండా పట్టేదాకా అడ్జస్టర్లు బిగించి, పిసరంత వదులు చేశాడు. నడిపి బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగుతోంది; అంటే కుడి బ్రేకు పట్టడం లేదు. కుడివైపు ముందు డ్రమ్ము విప్పాడు. బ్రేకు సిలిండర్ కారకుండా పొడిగానే ఉంది, షూలు మాత్రం నూనెలో నానాయి.

"ఏం పోసినవ్ దీంట్ల?"

"కిర్రుమంటుంటె సాంచ నూనె పోసిన సారన్నా. రోజు పొద్దుగాల పోసుడు అలవాటు గదా."

"నూనె పోస్తె సాంచ నడుస్తది. బ్రేకు బండిని ఆపాలె తమ్మీ, నడుపుడు గాదు!"

తిడుతూనే డ్రమ్ములు పెట్రోలుతో కడిగి, ముందు చక్రాలు రెండింటికీ కొత్త షూలు వేశాడు. అంతలో దేవేందర్ వచ్చాడు.

"ఎవలి తప్పు సారన్నా?"

మనోహర్ తల దించుకున్నాడు. సారయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"నాదే. పోయినసారి గ్రీజు ఎక్కువ పెట్టిన. కరిగి షూలకంటింది."

"నువ్వు గూడ తప్పు చేస్తవా!" దేవేందర్ పగలబడి నవ్వాడు. సారయ్య వంగి చక్రం నట్లు బిగించసాగాడు. నాకే ఏడుపొచ్చింది.

దేవేందర్ వెళ్లాక, "ఆ సాంచ నూనె డబ్బా ఇటు తే, పారేస్త" అన్నాడు సారయ్య.

"నేను నడిపిన సాంచలన్ని తుక్కుకు పోయినయన్నా. ఇదొక్కటే మిగిలింది."

సారయ్య డబ్బా అందుకుని, మూత గట్టిగా బిగించి, తిరిగి ఇచ్చేశాడు.

"ఉంచుకో. ఇంటి తలుపులు కిర్రుమంటె పోసుకో."