మసీదు మెట్ల మీద ఊపిరి

నా చిన్నప్పుడు ఒక్క వానాకాలంలో మా వాడ పోగొట్టుకున్నవి ఇవి: ఐదిళ్ల గోడలు, ఒక చేదబావి, రెండు ఎడ్లు, చిన్న మసీదుకున్న రెండు మినార్లలో ఒకటి, మూడేళ్ల మా చెల్లె.

సిద్దిపేటలో మా వాడ మసీదు నిజాం కాలం నాటిది. బదిలీ మీద వచ్చిన ఒక జమాదారు, తన బిడ్డ జ్వరంతో పోతే, ఆ దుఃఖంలో కట్టించాడని మా తాతయ్య చెప్పేవాడు. సున్నపు గోడలు, ఇరవై మంది నిలబడితే నిండిపోయే జాగ. అందుకేనేమో, జ్వరమొచ్చిన పిల్లలను సాయంత్రం ఆ మెట్ల దగ్గరికి ఎత్తుకుపోవడం మా వాడలో అలవాటు. నమాజు ముగించుకొని వచ్చేవాళ్లు పిల్లల నుదుటి మీద మెల్లగా ఊదేవారు. ఎవరి పిల్లలని అడిగేవారు కాదు. మాది కల్లు గీసే ఇల్లు. మా అందరి మీదా ఆ ఊపిరి పడింది.

అందులోనూ నమాజుకు పిలుస్తూ అజాన్ ఇచ్చే ముసలాయన మీద తల్లులకు నమ్మకమెక్కువ. ఆయనను మసీదు తాత అనేవాళ్లం. చెల్లెకు జ్వరమొస్తే అమ్మ రోజూ ఆయన దగ్గరికే తీసుకుపోయింది. ఆయన ఊదినప్పుడల్లా పిల్ల కాసేపు కళ్లు తెరిచేది. అమ్మ దాన్నే నయమనుకునేది. చివరి సాయంత్రం వాన కొడుతోంది. ఆయన ఊదబోయి, పిల్ల అరికాళ్లు పట్టి చూసి, చల్లగా తగిలేసరికి ఆగిపోయాడు.

"బేటీ, గిది ఊదితే పోయే జెరం కాదు. దవాఖానకు నడువు."

"వాన తగ్గినంక పొద్దుగాల పోతం తాతా," అంది అమ్మ.

"పొద్దుగాల దాక ఆగదు. ఇటియ్యి పిల్లను."

తన దుప్పటిలో చుట్టుకొని ఆయనే ముందు నడిచాడు. అమ్మ కొంగు పట్టుకొని నేను వెనుక. "ఇన్ని రోజులు ఏం చేసిన్రమ్మా?" అని దవాఖానలో డాక్టరమ్మ అడిగింది. "తప్పు నాది," అన్నాడాయన. తెల్లవారకముందే చెల్లె పోయింది. ఇంటికి మోసుకొచ్చింది కూడా ఆయనే. మేం వచ్చేసరికి మినారు కూలి మెట్ల మీద పడి ఉంది.

ఆ తర్వాత ఆయన పద్ధతి మారింది. దవాఖానకు పోయి వచ్చిన పిల్లలకే ఊదేవాడు. తల్లులకు కోపమొచ్చింది.

"ఊదనీకె నీ సొమ్మేం పోతది తాతా? ఊపిరి గూడ కొలిచిస్తున్నవా?" అని పక్కింటి అత్త దెప్పింది.

"ఊపిరి ఊకెనే ఇస్త బిడ్డా. ముందుగాల సూది ఏపిచ్చుకొని రా. ఒక్క పిల్లను పోగొట్టిన, సాలదా?"

అత్త పిల్లను ఎత్తుకొని దవాఖాన వైపు తిరిగింది. కొందరు మాత్రం వేరే మసీదుకు మళ్లారు. పండుగనాడు ఇళ్ల నుంచి ఆయనకు వచ్చే తిండి గిన్నెలు తగ్గాయి. ఆయన మాత్రం మళ్లీ మారలేదు. మనల్ని నమ్మి వచ్చినవాళ్లకు, ఇది నా వల్ల కాదని వేళకు చెప్పడం కూడా మేలు చేయడమేనని నాకు అక్కడే తెలిసింది. ఇప్పటికీ వాడలో పిల్లలెవరికి జ్వరమన్నా తెల్లవారనివ్వను, దవాఖానకు వెంటబెట్టుకొని పోతాను.

ఆయన చేర్యాలలో కూతురింట్లో కన్నుమూశాడు. మాకు కబురందేసరికి మట్టిచేయడం అయిపోయింది. పోయినవారిని నలభై అడుగులైనా భుజాన మోయాలని వాళ్లలో పెద్దలంటారు. మా చెల్లెను దవాఖాన నుంచి ఇంటిదాకా ఆయన ఒక్కడే మోశాడు. ఆయనకు నా బాకీ ఇప్పటికీ నలభై అడుగులు.