దొర వెనక్కి తీసుకున్న మాట

ఇవాళ పొద్దున మేట్టుపాళయం బాటలో ఎవరో తెల్లవాడు గుర్రం మీద పోతూ చుట్ట పొగ వదిలితే, ఆ ఘాటు నా ముక్కున పడి, చెయ్యి పట్టుకుని మరీ నన్ను పీలమేడు నల్లరేగడి చేలలోకి, కుంఫిణీ పత్తి దొర గుడారం ముందుకి లాక్కుపోయింది.

మా చిన్నప్పుడు ఆ దొర సీమ విత్తనాల మూటలతో వచ్చి మా చేల పక్కనే దిగాడు. ఆయనకి ఉన్నవి రెండే మాటలని మేం అనుకునేవాళ్లం: డ్యామ్, హెల్. ఎండెక్కితే డ్యామ్, దోమ కుడితే డ్యామ్, జోడు ఇరుకైతే హెల్. ఆ కేకకి వేపకొమ్మల మీది కాకులు పండిన కాయల్లా నేల రాలేవి. నమ్మనివాళ్లు మానండి, ఒకదానికి నేనే నీళ్లు తాపి లేపాను. మా ఎడ్లు సైతం అదిలిస్తే కదలక, డ్యామ్ అంటేనే కాడి లాగే దశకు వచ్చాయి. ఉలవచారులో సజ్జసంగటి ముంచుకు తిని, అరుగు మీద చింతగింజలతో పల్లాంగుళి ఆడుకుంటూ, గింజ తప్పితే మేమూ అదే అరిచేవాళ్లం. అర్థం ఎవరికి కావాలి!

అయిప్పసి నెల వాన కురిసి, మట్టి వెన్నలా మెత్తబడి, పేడనీళ్లలో పులిమిన పత్తిగింజలు చాపల మీద ఆరుతున్న రోజు దొర మా చేనికి వచ్చాడు. తాడు కట్టి వరసగా నాటాలని ఆయన, మా తాతలనాటి పద్ధతిలో చల్లుతానని మా నైన. మాటామాటా పెరిగి దొర మొహం ఎర్రబడి ఏదో అరిచాడు. పక్కనున్న దుబాసీ ఊరుకుంటే పోయేది.

"నరకానికి పొమ్మని చెప్తుండాడు, నాయుడుగారూ" అన్నాడు.

ఆ మాట గట్టున కూర్చున్న అవ్వ చెవిన పడింది. మా ఇళ్లలో పెద్దస్థానంలో ఉన్నవాడు పెట్టిన శాపం గాలికి పోదు. తిట్టినవాడే, తిట్టుపడ్డవాడి చేతి మజ్జిగ తాగి, బాగుండమని అనాలి. అందాకా ఆ చెయ్యి విత్తనం తాకకూడదు. మా ఇంట తొలిపిడికిలి చల్లేది నైన చెయ్యే. అవ్వ గింజల చాపలు చుట్టేసింది.

"అమ్మా, వాడు గాడిదని కూడా అదే తిడ్తాడు" అన్నాడు నైన.

"గాడిద విత్తనం చల్లదు కదరా, కన్నూ!"

రెండు రోజులు గడిచాయి. ఎండ కాసింది. చుట్టుపక్కల చేలన్నీ విత్తడం అయిపోయింది, మా మట్టి మాత్రం పైపైన తెల్లబారుతోంది. నైన తెల్లారగానే చేనికి పోయి వేలు గుచ్చి చూసి, వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. మూడోనాడు అవ్వ ఆయన చేతికి మజ్జిగ ముంత ఇచ్చి, "నువ్వూ రా అమ్మిణీ" అని నన్ను వెంటబెట్టుకుని గుడారానికి నడిచింది.

సంగతి విని దొర పొట్ట పట్టుకుని నవ్వాడు.

దుబాసీ అవ్వకు నచ్చజెప్పబోయాడు. "అది వాళ్ల ఊర్ల వట్టి మాట అవ్వా, దానికి రొంబ అర్థం లేదు."

"అర్థం లేనిదైతే తిరిగి తీసుకునేదానికి ఏం బరువు? తీసుకోమను."

దుబాసీ గొంతు తగ్గించి దొరకి అదే చెప్పాడు. విత్తనం ఆగిపోయిందనీ చెప్పాడు. దొర నవ్వు ఆగింది. లేచి మా చేనిదాకా నడిచాడు, వంగి ఒక గడ్డ తీసి పిడికిట నలిపాడు. అది పొడిపొడిగా రాలింది. ఎంతైనా పత్తి మనిషి. ఆ పొడి ఏం చెబుతోందో ఆయనకి ఎవరూ తర్జుమా చేయనక్కర్లేదు. నైన చేతిలోని ముంత అందుకుని గడగడా తాగి, మీసాలు తుడుచుకోకుండానే, దుబాసీ నేర్పినట్టు, "బా...గుండు" అన్నాడు.

నైన కళ్లు ఒత్తుకోవడం నేను చూశాను. ఆ పూటే చేనంతా చల్లి, చివర ఒక్క చెక్కలో మాత్రం తాడు కట్టి వరసగా నాటాడు. అడుగున ఇంకా ఈరం మిగిలే ఉంది, ఆ తడికి మొలక వచ్చింది.

మర్నాడు గుడారం ముందు వంటవాడు, గుర్రపువాడు, చాకలి, బండివాళ్లు తలా ఒక ముంతతో బారులు తీరారు. పాపం దొర, తాగీ తాగీ ఆయన ఎర్రమీసాలు ఆ ఏడంతా తెల్లగానే ఉండిపోయాయి.

ఇప్పుడు రైలు వచ్చింది, ఇంగ్లీషు వచ్చింది. కచేరీలో గుమాస్తా అయిన మా మేనల్లుడు నిన్న పాలేరు మీద దొర అన్న ఆ నరకం మాటే విసిరాడు.

"తిరిగి తీసుకోరా" అన్నాను.

"ఏంది అత్తా తీసుకునేది?" అని నవ్వుతూ పోయాడు.

నేను పాలేరు వైపు చూశాను. అతను అప్పటికే గింజల బుట్ట ఎత్తుకుని చేనిలోకి దిగి చల్లుతున్నాడు. మాటపడ్డ చెయ్యి ఆగాలని అతనికీ తెలియదు.