లంగా బొందు కింది పుండు

మా తోటికోడలు సూర్యకాంతం ఇప్పుడు పొద్దున్నే నైటీతోనే పొయ్యి దగ్గరికి వస్తుంది. మొన్నటిదాకా లంగా బొందు బిగించి లాగి, చీర కడితే గానీ వచ్చేది కాదు. పెళ్లయినప్పటి నుంచి బొందు ఒకేచోట ఒరిసి నడుం నల్లబడింది, తరువాత పుండు పడింది. ఒరుపేలే అనుకుని పసుపు రాసి మళ్లీ అక్కడే కట్టేది. చూపించే చోటు కాదని ఎవరికీ చెప్పలేదు.

ఈ వేసవిలో మా ఆయన పోయారు. నాకు తోడుగా బావగారితో కలిసి బర్మామైన్స్ పేటలోని మా ఇంటికి వచ్చి ఉన్నప్పుడు ఆవిడ లంగాకి నెత్తురు చూశాను.

"ఏటక్కా ఇది?"

"ఏటీ కాదే. నీ ఏడుపు నువ్వు ఏడు."

"ఏడుత్తానులే. ముందు డాక్టరు కాడికి పద."

చిన్న ముక్క తీసి పరీక్ష చేసి, చర్మానికి క్యాన్సర్ అన్నారు. చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసేసి, తొడ మీది పలుచటి చర్మం తెచ్చి అతికించారు. అంచుల్లో రోగం మిగిలిందో లేదో రిపోర్టు చెప్పాలి.

రిపోర్టు ఆవిడ హిందీ కోడలు ఉజ్వల తెచ్చింది. "కినారే సబ్ సాఫ్ హై, మమ్మీ," అంది. అంచుల్లో ఏమీ లేదన్నమాట.

"డాక్టరు దర్జీ పని కూడా నేర్సినాడే," అని సూర్యకాంతం నవ్వింది. చాలా రోజులకి నేనూ నవ్వాను.

అతుకు గట్టిపడేదాకా బరువెత్తొద్దన్నారు. ఇవాళ కుళాయి కింద బకెట్టు నిండగానే అలవాటుగా లేచింది, కుళాయి కట్టేసి వచ్చి కూర్చుంది. నేను లేవబోతే చెయ్యి పట్టుకుంది.

"మీ బావ డూటీ నుంచి వత్తాడు గదా, మోత్తాడు. ఉండనీ."