ఆ ఏడాది వంతు నాది

మా టీములో ఏడుగురం. ఏడుగురమూ బాగా పనిచేయడానికి మా కంపెనీ రూల్సు ఒప్పుకోవు. ఏడాదికోసారి మా పనికి మార్కులేసే అప్రైజల్ వస్తుంది. అందులో ప్రతి టీములోనూ ఎవరో ఒకరికి అట్టడుగు రేటింగ్ పడి తీరాలి. అందరూ చచ్చేట్టు చేసినా సరే, ఒకరు పనికిరానివారని కాగితం మీద ఉండాల్సిందే. ఈ తెలివి ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఆ మహానుభావుడి మొహం ఒక్కసారి చూడాలని నాకు భలే కోరిక.

మొదటి రెండేళ్ళు ఆ రేటింగ్ తప్పించుకోవడానికి ఒకరినొకరు పీక్కుతిన్నాం. పక్కవాళ్ళ తప్పులు పైవాళ్ళకు కనబడేట్టు మెయిళ్ళు రాసుకున్నాం. నేనూ రాశాను, అబద్ధమెందుకు. చివరికి మా అన్నే దీనికి విరుగుడు కనిపెట్టాడు. అన్నంటే తోడబుట్టినవాడు కాదు. టీములో అందరికంటే పెద్ద, నాకు పని నేర్పినవాడు. ఆయనది లాలాపేట్, మాది తార్నాక. ఇంటినుంచి పనిచేసే రోజుల్లో పొద్దున్నే ఇద్దరం దగ్గర్లోని యూనివర్సిటీ ఆవరణలో నడిచేవాళ్ళం. చెట్ల కింద సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలను దాటిపోతూ ఒకరోజు ఉన్నట్టుండి అన్నాడు.

"గీ కొట్లాట ఎందుకు చెల్లె? వంతులు పెట్టుకుందాం. ఈ యేడు నేను తీస్కుంట, వచ్చే యేడు ఇంకొకలు. ఇంట్ల బోళ్ళు తోమెతందుకు వంతులేస్కోమా, గట్లనే."

అందరూ సరేనన్నారు. మేనేజరుకు చెబితే ఆయనా అమ్మయ్య అనుకున్నాడు. మొదటి వంతు అన్నే తీసుకున్నాడు. ఆ ఏడాదికి జీతం పెరగదు, నెలరోజులపాటు వారానికోసారి మేనేజరుతో 'మెరుగుపడే' మీటింగు ఉంటుంది, అంతే. ఆ మీటింగులో ఇద్దరూ క్రికెట్ గురించి మాట్లాడుకునేవారు. వంతు పడినవాళ్ళకు మిగతావాళ్ళం తార్నాకలో బిర్యానీ తినిపించేవాళ్ళం. కంపెనీని భలే బోల్తా కొట్టించామని మాకు ఎంత పొగరో!

నాలుగో వంతు నాది. సరిగ్గా ఆ ఏడాదే నాకు టీము లీడ్ ప్రమోషన్ వచ్చేలా ఉంది. అట్టడుగు రేటింగ్ పడితే అది రాదు. రెండు వారాలు నాలో నేను నలిగి, ఒక పొద్దున నడుస్తూ అడిగేశాను.

"అన్నా, ఈ ఒక్కసారికి నా వంతు నువ్వు తీసుకుంటావా? నీ వంతు మళ్ళీ వచ్చినప్పుడు నేను తీసుకుంటాను."

ఆయన అడుగు కూడా ఆపలేదు. "ఏందో అనుకున్న, గింతేనా? తీస్కుంట తియ్."

"వదిన ఏమీ అనదా?"

"మీ వదినకు గీ వంతుల ముచ్చటే తెల్వదు. చెప్తె నవ్వుతది."

రేటింగులు వచ్చాయి, అట్టడుగుది అన్నకే పడింది. రెండు నెలలకు కంపెనీ మనుషులను తగ్గించుకోవాలనుకుంది. ఎవరు ఏం చేశారని చూసే ఓపిక ఎవరికుంది? ఆ ఏడాది అట్టడుగున ఉన్న పేర్లన్నీ ఒక్క దెబ్బకు తీసేశారు. ఒక బుధవారం పొద్దున పది గంటలకు అన్నకు ఫోన్ వచ్చింది, పదిన్నరకు లాప్‌టాప్ తెరుచుకోలేదు. పనితీరు బాగాలేనందున అని కాగితం పంపారు.

నేను వెంటనే ఫోన్ చేసి, అది నా రేటింగని పైవాళ్ళకు చెప్పేస్తానన్నాను.

"నోరు మూస్కో చెల్లె. చెప్తె నీ నౌకరి గూడ పోతది, నాదైతే ఎనుకకు రాదు. ఇద్దరం ఇంట్ల కూసొని ఏం జేస్తం?"

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నిజం అదే. తర్వాతి వారం నా ప్రమోషన్ ప్రకటించారు. మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టారు, నేను థాంక్స్ చెప్పాను.

అన్న నడకకు రావడం మానేశాడు. ఫోన్ చేస్తే ఇంటర్వ్యూలున్నాయనేవాడు. నెలన్నర చూసి, ఒక ఆదివారం చర్చి నుంచి అటే లాలాపేట్ వెళ్ళాను. ఆయన ఇంట్లో లేడు, కూరగాయలకు వెళ్ళాడట. పదో తరగతి చదివే కూతురు లోపలి గదిలో ఉంది. వదిన నాకు చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఒకటి అడుగుత, ఉన్నదున్నట్టు చెప్పు. ఆరేండ్లు కలిసి పని జేసిండ్రు. ఆయినకు నిజంగనే పని రాదా?"

నేను చాయ్ కప్పు కింద పెట్టేశాను. "అదేం మాట వదినా?"

"ఎందుకు తీసిండ్రు అంటె, నాకు పని చాతకాలేదు, తీసిండ్రు అంటడు. ఇంకొక్క ముక్క చెప్పడు. కాయితంల గూడ గదే ఉన్నది. పిల్ల సదివింది. అప్పటి సంది లెక్కలు నాయినను అడుగుతలేదు, ట్యూషన్ పెట్టుమంటున్నది."

నా పేరు బయటికి రాకుండా ఉండటానికి, కన్నకూతురి ముందు తనకు పని చేతకాదని చెప్పుకున్నాడు ఆ మనిషి! సిగ్గుతో చచ్చిపోయాను. అన్న చాలా బాగా చేస్తాడు వదినా అని అక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను. ఆపలేకపోయాను. వంతులు, నేను అడగడం, నా ప్రమోషన్, మొత్తం చెప్పేశాను.

"ఆ రేటింగ్ నాది వదినా. పోవాల్సింది నా ఉద్యోగం."

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది. వదిన లోపలి గదివైపు తిరిగింది.

"బిడ్డా, ఇటు రా."

పిల్ల వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"గిప్పుడు నాకు చెప్పింది దీనికి గూడ చెప్పు. ఏది ఇడువకు."

మీటింగుల్లో వందమంది ముందు గడగడా మాట్లాడే నేను ఆ పిల్ల ముందు తడబడ్డాను. రెండుసార్లు మొదటికొచ్చి, ఎలాగో చివరిదాకా చెప్పాను. అంతా విన్నాక తను అడిగింది.

"మరి నువ్వు ఇంకా అక్కడనే చేస్తున్నవా ఆంటీ?"

"చేస్తున్నానమ్మా," అన్నాను.